మూగబోయిన ఫోను ఊరు విడిచినట్టు కాదు: హరికేన్‌కు ముందూ వెనకా జనం కదలికల్ని లెక్కగట్టడం ఎలా

హరికేన్ వస్తోందంటే జనం ఎప్పుడు బయల్దేరారు, ఎంత దూరం వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు? ఫోన్ లొకేషన్ డేటా చేతిలో ఉంటే ఈ మూడింటికీ జవాబు చెప్పొచ్చు. కోడ్ రాయడం పెద్ద పని కాదు, రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ కోడ్ చెప్పిన శాతాన్ని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికే రెండు నెలలు పడుతుంది. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి. ఉదాహరణలన్నీ ఫ్లోరిడా, టెక్సస్‌లవే. ముఖ్యంగా 2017 నాటి ఇర్మా, 2022 నాటి ఇయన్. పట్టికలనూ మ్యాపులనూ లెక్కించే పైథాన్ పనిముట్లు పాండాస్, జియోపాండాస్ వాడటం వచ్చి, నమూనా డేటా ఏదో ఒకటి దగ్గరున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

కదలిక ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి

గ్రాఫు గీసే ముందు అది ఎలా రావాలో ఒక అంచనా ఉంటే, రానప్పుడు తప్పెక్కడో వెతకొచ్చు. ఫ్లోరిడాలో పెద్ద హరికేన్ చుట్టూ కదలిక మామూలుగా ఇలా సాగుతుంది.

తీరం దాటడానికి ఐదు నుంచి మూడు రోజుల ముందు జనం ఊరు విడవరు. ఊళ్లోనే తిరుగుడు పెరుగుతుంది. పెట్రోల్ బంకులు, సరుకుల దుకాణాలు, కిటికీలకు కొట్టే ప్లైవుడ్ కోసం హార్డ్‌వేర్ షాపులు, ఇసుక బస్తాలు పంచే మైదానాలు కిటకిటలాడతాయి. మూడో రోజు నుంచి ముందు రోజు దాకా అసలు ప్రయాణాలు. అవీ రోజంతా ఒకే తీరున జరగవు. పొద్దున, మధ్యాహ్నం ఎక్కువ, రాత్రి బాగా తక్కువ. వెళ్లినవారి సంఖ్యను కూడుకుంటూ పోతే మెల్లగా మొదలై, మధ్యలో నిటారుగా లేచి, చివర్లో చదునయ్యే వంపు వస్తుంది. రాత్రుళ్లు అది మెట్టులా ఆగుతుంది. మీ వంపులో ఆ రాత్రి మెట్లు కనబడకపోతే టైమ్‌జోన్ తప్పయినా అయ్యుండాలి, బయల్దేరిన గంటను మీరు ఊహించి నింపేసైనా ఉండాలి.

తీరం దాటిన రోజు కదలిక దాదాపు సున్నా. మర్నాడు ఒక విచిత్రం జరుగుతుంది. ఊళ్లో ఉండిపోయినవాళ్లు చిన్నచిన్న దూరాలు తెగ తిరుగుతారు. ఇల్లెలా ఉందో, పక్కవీధిలో చెట్టు ఎక్కడ పడిందో చూడటానికి, ఐసు కోసం, జెనరేటర్ పెట్రోలు కోసం, కార్లో కూర్చుని ఫోన్ చార్జ్ చేసుకోవడానికి. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల్లో తిరుగు ప్రయాణాల పెద్ద అల. దాని వెనక వారాల తరబడి సాగే సన్నటి తోక.

వెళ్లడాన్ని నడిపించేది ప్రభుత్వ ఉత్తర్వు, పగటి వెలుగు, పక్కింటివాళ్ల కారు. రావడాన్ని నడిపించేది కరెంటు, వంతెన, బడి. ఈ రెండు వంపులూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయనుకుని ఒకే మోడల్ వేసేవాళ్లున్నారు. అలా వేయకండి.

హార్వీ (2017) ఈ నమూనాకు లొంగదు. ఆగస్టు 25న రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ నగరం ఖాళీ చేయమని ఉత్తర్వు ఇవ్వలేదు. అసలు ముంపు 26 రాత్రి, 27న మొదలైంది. కాబట్టి అక్కడ ఇళ్లు వదలడం తుపాను తీరం దాటాక జరిగింది, పడవల మీద, కొద్ది మైళ్ల దూరానికి. గాలి తుపానుకూ వాన తుపానుకూ ఒకే కోడ్ నడిపితే రెండోదానిలో "ఎవరూ వెళ్లలేదు" అనే జవాబు వస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సిన పట్టికలు

ఫోన్ పింగులు (ఫోను ఏ గంటకు ఎక్కడుందో చెప్పే నమోదులు) ఒక్కటే చాలవు. ఇంకో నాలుగు కావాలి.

తుపాను దారి: అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ వారి హర్‌డాట్-2 ఫైలు. ఆరు గంటలకొకసారి తుపాను కేంద్రం ఎక్కడుందో ఉంటుంది. 2004 నుంచి నాలుగు దిక్కుల్లోనూ 34 నాట్ల (గంటకు సుమారు 63 కి.మీ.) గాలి ఎంత దూరం వ్యాపించిందో కూడా ఉంటుంది. ఈ 34 నాట్ల అంకె మీకు చాలా అవసరం, కారణం కింద చెప్తాం.

ఖాళీ చేయమన్న ఉత్తర్వులు: కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీగా, జోన్ల వారీగా, గంటతో సహా. ఇది చాలాసార్లు రెడీమేడ్‌గా దొరకదు. కౌంటీ పత్రికా ప్రకటనలు చూసి చేత్తో రాసుకోవాలి. "ప్రకటించిన గంట", "అమల్లోకి వచ్చిన గంట" వేర్వేరు గడుల్లో పెట్టండి. ఇర్మాకు ఫ్లోరిడా దక్షిణ కొసనున్న దీవుల వరస, ఫ్లోరిడా కీస్‌లో పర్యాటకులకు సెప్టెంబరు 6 ఉదయం 7 నుంచి, స్థానికులకు అదే రోజు రాత్రి 7 నుంచి ఉత్తర్వు అమలైంది. రెండింటినీ ఒకే వరుసలో వేస్తే స్థానికులు 12 గంటలు ఆలస్యంగా స్పందించినట్టు కనిపిస్తుంది.

తరలింపు జోన్ల మ్యాపు: ఫ్లోరిడాలో ఎ నుంచి ఎఫ్ దాకా. ఇవి గాలిని బట్టి గీసినవి కావు, సముద్రం ఎంత లోపలికి పొంగుతుందన్నదాన్ని బట్టి గీసినవి. మొబైల్ హోముల్లో (తెచ్చి నిలిపే తేలికపాటి ఇళ్లలో) ఉండేవాళ్లను ఏ జోనూ కాకపోయినా ఖాళీ చేయమంటారు కాబట్టి వాటిని వేరే పొరగా పెట్టుకోండి. లేకపోతే ఉత్తర్వు పాటించినవాళ్లనే "అనవసరంగా వెళ్లినవాళ్లు" అని ముద్ర వేస్తారు.

కరెంటు కోత: ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ వారి ఈగల్-ఐ డేటాలో 2014 నుంచి కౌంటీల వారీగా, 15 నిమిషాలకొకసారి ఎన్ని కనెక్షన్లకు కరెంటు లేదో ఉంది. అందులో ఉండేది కనెక్షన్లు, మనుషులు కాదు. ఈ పట్టిక లేకుండా మిగతా పని మొదలుపెట్టొద్దు.

శుభ్రం చేయడం

చూపించిన చోటుకూ అసలు చోటుకూ 100 మీటర్లకు మించి తేడా ఉండగల పింగులు తీసేయండి. వేల ఫోన్లు అచ్చంగా ఒకే అక్షాంశ రేఖాంశాల్లో కనబడితే అది జనసందోహం కాదు. ఇంటర్నెట్ అడ్రసును బట్టి ఊరి నడిమధ్యకు వేసిన గుర్తు. అవీ తీసేయండి. రెండు పింగుల మధ్య వేగం గంటకు 200 కి.మీ. దాటితే మొదటా చివరా విమానాశ్రయం ఉందేమో చూడండి. ఉంటే ఉంచండి, విమానమెక్కి వెళ్లినవాళ్లూ వెళ్లినవాళ్లే.

తర్వాత గడియారం. పింగులూ హర్‌డాట్ గంటలూ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఉంటాయి. సెప్టెంబరులో ఫ్లోరిడాలో చాలా భాగం దానికి 4 గంటలు వెనక. పశ్చిమాన పెన్సకోలా, పనామా సిటీ వైపు 5 గంటలు వెనక. మార్చకుండా "రాత్రి 10 నుంచి ఉదయం 6" అని వడకడితే మీకు వచ్చేది సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి 2. అంటే జనం హోటళ్లలో, మాల్స్‌లో ఉన్న వేళ. ఆ పొరపాటు "ఇల్లు" అనే నిర్వచనంలోకి దూరిందంటే చివరి అంకె దాకా ఎక్కడా బయటపడదు.

ఇల్లు ఎక్కడ?

ప్రతి ఫోనుకూ రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య ఎక్కువ రాత్రులు కనబడిన చోటే ఇల్లు. చోటు అంటే చుక్క కాదు, గడి. భూమిని షట్కోణ గడులుగా విడగొట్టే హెచ్3 పద్ధతిలో 9వ స్థాయి (సుమారు 0.1 చదరపు కి.మీ.) ఇందుకు సరిపోతుంది. కనీసం 10 రాత్రులు కనబడాలి, వాటిలో సగానికి పైగా అదే గడిలో ఉండాలి. ఈ రెండు షరతులూ దాటని ఫోన్లను పక్కన పెట్టండి. ఆర్లాండోకు వచ్చిన పర్యాటకులు చాలావరకు ఇక్కడే వడపోతలో పోతారు. రాత్రి డ్యూటీ నర్సులు ఆసుపత్రి గడిలో "కాపురం" ఉన్నట్టు తేలతారు కాబట్టి ఆసుపత్రులు, గిడ్డంగుల గడుల్లో తేలిన ఇళ్లకు పగటి పింగులతో మళ్లీ లెక్క చూడండి.

ఏ వారాలు తీసుకోవాలన్నది ఇంకా చిక్కు. ఇర్మానే చూడండి. కేంద్రం 2017 సెప్టెంబరు 10 ఆదివారం ఉదయం కడ్జో కీ దగ్గర, మధ్యాహ్నం మార్కో ఐలాండ్ దగ్గర తీరం దాటింది. అంతకు ముందు సోమవారం, సెప్టెంబరు 4, లేబర్ డే. ఆ సెలవు వారాంతంలో ఊరెళ్లినవాళ్లు చాలామంది. "తుపానుకు ముందు వారం" అని దాన్ని మామూలు వారంగా తీసుకుంటే తరలింపు శాతం దానంతటదే తగ్గిపోతుంది. పోనీ జూలైకి వెళ్దామా అంటే అది వేసవి సెలవులు. బడులు ఆగస్టు మధ్యలో తెరుస్తారు.

అందుకే రెండు వేర్వేరు మామూలు కాలాలు పెట్టుకోవాలి. ఇల్లు కనిపెట్టడానికి జూలై 24 నుంచి సెప్టెంబరు 1 దాకా. మామూలు రోజుల్లో ఎంతమంది రాత్రి ఇంట్లో ఉండరో చూడటానికి బడులు తెరిచాక వచ్చిన రెండు వారాలు, ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 1 దాకా. యూనివర్సిటీ ఊళ్లు దీనికి మినహాయింపు. గెయిన్స్‌విల్, టాలహాసీ, టాంపాలో ఆగస్టు మధ్యలో విద్యార్థులు కొత్తగా దిగుతారు. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వచ్చి అపార్ట్‌మెంటు పంచుకునే పిల్లలకు జూలైలో ఆ ఊళ్లో ఇల్లే ఉండదు. జూలై నుంచి లెక్కేస్తే వాళ్లంతా జాబితాలోంచి జారిపోతారు. కారు లేక, వెళ్లడానికి చుట్టాలిల్లు లేక ఇబ్బంది పడేదేమో వాళ్లే. అలాంటి ఊళ్లకు సెమిస్టర్ మొదలైన తేదీ నుంచి లెక్క పెట్టి, 10 రాత్రుల షరతును 7కు దించండి.

2024 మరీ ఘోరం. హెలీన్ సెప్టెంబరు 26న, మిల్టన్ అక్టోబరు 9న. మధ్యలో 13 రోజులే. మిల్టన్‌కు ముందు రెండు వారాల్లో టాంపా బే తీరంలో మామూలు రోజంటూ లేదు. రెండింటికీ హెలీన్‌కు ముందరి కాలాన్నే వాడాలి. హెలీన్‌కు ఇల్లు మునిగి వెళ్లి, మిల్టన్ నాటికి తిరిగిరాని వాళ్లను రెండోసారి లెక్కపెట్టకూడదు.

"వెళ్లారు" అంటే ఏమిటి?

పగలు ఇంటికి దూరంగా కనబడటం లెక్కలోకి రాదు, ఆ మనిషి ప్లైవుడ్ కొనడానికి వెళ్లి ఉండొచ్చు. రాత్రి గడి ఇంటికి 2 కి.మీ. దాటి ఉంటేనే బయట ఉన్నట్టు. ఆపైన దూరాన్ని మూడు ముక్కలు చేయండి: 16 కి.మీ. లోపు, 16 నుంచి 80, 80 పైన.

చాలామంది చేసే తప్పు మూడో ముక్కనే తరలింపు అనుకోవడం. హైవే ట్రాఫిక్ ఫొటోలు చూసి వచ్చే భ్రమ ఇది. "పదుల మైళ్లు వెళ్తే చాలు, వందల మైళ్లు వద్దు" అని ఫ్లోరిడా అధికారులే చెబుతారు. జోన్ ఎలో ఉన్న ఇల్లు వదిలి నాలుగు మైళ్ల అవతల మెరకలో ఉన్న స్నేహితుడింట్లో పడుకున్నవాళ్లు ఉత్తర్వును అచ్చంగా పాటించినవాళ్లు. ఇదే పద్ధతిని మన కోస్తాకు తెచ్చేవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉప్పాడలోనో దివిసీమలోనో తరలింపు అంటే ఎక్కువగా ఊరి బడికో, తుపాను షెల్టరుకో, పక్క ఊరికో వెళ్లడం. 2 కి.మీ. గీత పెడితే కూడా వాళ్లు లెక్కకు రారు. అక్కడ "లోతట్టు గడి నుంచి మెరక గడికి మారారా" అన్నదే చూడాలి, దూరం కాదు.

తర్వాత మామూలుగా ఊరెళ్లేవాళ్లను తీసేయాలి. ఏ శనివారమైనా కొంతమంది ఇంట్లో ఉండరు. మామూలు శనివారం రాత్రి 9 శాతం బయట ఉంటే, తుపాను ముందు శనివారం 43 శాతం బయట ఉన్నట్టు తేలితే, జవాబు 43 కాదు, 43లోంచి 9 తీసేసిన 34 కూడా కాదు. ఆ 9 మంది ఎలాగూ ఇంట్లో లేరు కాబట్టి మిగిలిన 91 మందిలోనే చూడాలి: 34ను 91తో భాగిస్తే 37 శాతం. వారంలో అదే రోజుతో పోల్చండి. ఆదివారం రాత్రిని శనివారంతో పోల్చితే మళ్లీ మొదటికొస్తుంది.

జోన్ బయట ఉండి కూడా వెళ్లినవాళ్లను షాడో ఎవాక్యుయేషన్ అంటారు. దీన్ని వేరుగా చూపించండి, ప్రణాళిక వేసేవాళ్లకు కావాల్సిందే ఇది. 2005 సెప్టెంబరులో రీటా వస్తోందనగానే, కత్రినా జరిగి నెల కూడా కాకముందే, హ్యూస్టన్ ప్రాంతం నుంచి 25 లక్షలకు పైగా జనం రోడ్డెక్కారు. వాళ్లలో ఎంతోమందికి ఖాళీ చేయాల్సిన అవసరమే లేదు. నిజంగా వెళ్లాల్సిన తీరం వాళ్లు వాళ్ల వెనక ఇరుక్కుపోయారు. టెక్సస్‌లో రీటాకు సంబంధించిన మరణాల్లో ఎక్కువ భాగం గాలికి, నీళ్లకు కాదు, ఆ ప్రయాణంలో జరిగినవే. డాలస్ దగ్గర వృద్ధాశ్రమం బస్సు కాలి 23 మంది పోయారు.

మూగ ఫోన్లు

ఇక అసలు చిక్కు. తీరం దాటిన రాత్రి చాలా ఫోన్లు కనబడవు. కరెంటు పోయింది, టవర్లు పడ్డాయి, బ్యాటరీ అయిపోయింది. ఇర్మాకు ఫ్లోరిడాలో సగానికి పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయిన సంగతి అక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఊరు ఊరంతా అక్కడే ఉంది, సిగ్నల్ మాత్రం లేదు.

లెక్క ఎలా తప్పుతుందో చూడండి. అర్థం కావడానికి వేసుకున్న అంకెలివి. తీరంలో ఇల్లు తేలిన ఫోన్లు 1,000. తీరం దాటిన మర్నాటి రాత్రి కనబడినవి 420. వాటిలో ఇంట్లో 240, బయట 180. మూగవి 580.

మూగవాటిని "వెళ్లినవి"గా వేస్తే 76 శాతం ఊరు విడిచారు. కనబడినవాటినే చూస్తే 43 శాతం. మూగవన్నీ ఇళ్లలోనే ఉన్నాయనుకుంటే 18 శాతం. ఒకే రాత్రి, ఒకే డేటా. "ఇంటి దగ్గర పింగులు 76 శాతం తగ్గాయి" అన్న వాక్యం "76 శాతం వెళ్లిపోయారు" అన్న శీర్షికగా మారడం ఎంత తేలికో ఆలోచించండి. 43 కూడా నికరం కాదు. బయటికెళ్లినవాళ్లకు చార్జింగ్ ఉంటుంది, ఉండిపోయినవాళ్లకు ఉండదు. కాబట్టి కనబడే ఫోన్లలో వెళ్లినవాళ్ల వాటా మామూలుగా అసలుకన్నా ఎక్కువే తేలుతుంది.

దీనికి మందు ఆ రాత్రి అంకెను వాడకపోవడమే. ఎంతమంది వెళ్లారన్నది కరెంటు పోకముందటి చివరి రాత్రితో తేల్చండి. ఇయన్ 2022 సెప్టెంబరు 28 మధ్యాహ్నం 3 దాటాక కాయో కోస్టా దగ్గర తీరం దాటింది. లీ కౌంటీకి చూడాల్సింది 27 రాత్రి. ఈగల్-ఐలో కౌంటీలో కరెంటు లేని కనెక్షన్లు 10 శాతం దాటిన గంటను గీతగా పెట్టుకుని, దానికి ముందటి రాత్రిని తీసుకోండి. ఆ గీతకూ తీరం దాటడానికీ మధ్య బయల్దేరినవాళ్లు కొద్దిమంది తప్పిపోతారు, ఫర్వాలేదు.

మిగిలిన మూగ ఫోన్లను మూడు ప్రశ్నలతో వేరు చేయండి. మూగబోయే ముందు ఆరు గంటల్లో చివరిగా ఎక్కడ కనబడింది? ఇంటికి 500 మీటర్లలో అయితే ఇంట్లోనే మూగబోయిందనుకోవచ్చు. ఆ కౌంటీలో అప్పుడు కరెంటు ఉందా? ఉండి కూడా మూగబోతే వేరే కారణం. మళ్లీ మొదట ఎక్కడ కనబడింది? ఇంట్లోనే కనబడితే ఉండిపోయినట్టు, 100 మైళ్ల దూరంలో కనబడితే వెళ్లినట్టు. ఏ ప్రశ్నకూ తేలని ఫోన్లను ఎటూ వేయకుండా "తెలియదు" అని రాయండి. ఫలితాన్ని ఒక అంకెగా కాక పరిధిగా ఇవ్వండి. పై ఉదాహరణలో 580లో 300 ఇంట్లో ఉన్నట్టు, 150 వెళ్లినట్టు తేలి, 130 మిగిలితే, బయట ఉన్నది 33 నుంచి 46 శాతం మధ్య. 18 నుంచి 76తో పోలిస్తే ఇది చాలా నయం.

బయల్దేరిన గంట

ఇంటి గడిలో చివరి పింగు, 2 కి.మీ. దాటాక మొదటి పింగు, ఈ రెంటి మధ్యగంటే బయల్దేరిన గంట. రెండింటి మధ్య ఆరు గంటలకు మించి ఖాళీ ఉంటే ఆ ఫోనును గంటల వంపులో వాడకండి, రోజుల వంపులో వాడుకోండి.

గంటల్ని దేన్నుంచి లెక్కపెట్టాలి? తీరం దాటిన క్షణం నుంచి కాదు. ఇర్మా కీస్‌ను తాకిన ఎన్నో గంటలకు జాక్సన్‌విల్ చేరింది. రాష్ట్రమంతటికీ ఒకే సున్నా పెడితే ఉత్తరాది కౌంటీలన్నీ బద్ధకస్తుల్లా కనబడతాయి. ప్రతి కౌంటీకీ 34 నాట్ల గాలి (గంటకు సుమారు 63 కి.మీ.) మొదట తాకిన గంటే సున్నా. ఆ గాలి మొదలయ్యాక ఎత్తయిన వంతెనలు మూసేస్తారు, రోడ్డు మీదికి వెళ్లడం ప్రమాదం. అధికారులు వెనక్కి లెక్కపెట్టుకునేదీ దాన్నుంచే. హరికేన్ వాచ్ (రావొచ్చన్న హెచ్చరిక) ఇచ్చేది ఆ గాలికి 48 గంటల ముందు, వార్నింగ్ (వస్తుందన్న హెచ్చరిక) 36 గంటల ముందు.

ఇప్పుడు ఉత్తర్వు గంటల్ని వంపు మీద నిలువు గీతలుగా గీయండి. ఇయన్‌కు టాంపా వైపు కౌంటీలు 26నే ఉత్తర్వులిచ్చాయి. దక్షిణాన లీ కౌంటీ 27 ఉదయం ఇచ్చింది. అప్పటికి మిగిలింది ఒక్క పగలు. రాత్రి బయల్దేరేవాళ్లు తక్కువ కాబట్టి ఉత్తర్వు ఎన్ని గంటల ముందు ఇచ్చారన్నదాని కన్నా ఎన్ని పగళ్లు ముందు ఇచ్చారన్నదే ఎక్కువ చెబుతుంది. మోడల్‌లో "గంటలు" బదులు "మిగిలిన పగటి గంటలు" వేసి చూడండి.

వెళ్లినవాళ్లు మళ్లీ కదలడమూ ఉంటుంది. ఇర్మా అంచనా దారి మొదట మయామీ వైపు ఉండి, తర్వాత పడమటికి జరిగింది. తూర్పు తీరం నుంచి టాంపా వైపు వెళ్లినవాళ్లు తుపాను దారిలోనే దిగినట్టయింది, కొందరు రెండోసారి బయల్దేరాల్సొచ్చింది. ఒక్కో ఫోనుకు ఒకే గమ్యం ఉంటుందని కోడ్ రాస్తే ఈ రెండో కదలిక మాయమవుతుంది. రాత్రికొక గడి చొప్పున వరుస ఉంచుకోండి.

రోడ్డు లెక్కతో సరిచూడటం

ఫ్లోరిడా రవాణా శాఖ రోడ్ల మీద నిరంతరం వాహనాలు లెక్కించే యంత్రాలు పెట్టింది. ఐ-75, ఐ-95, టర్న్‌పైక్ అనే పెద్ద హైవేల మీద ఉత్తరానికి వెళ్లే వాహనాల రోజువారీ పెరుగుదలను మీ ఫోన్ల వంపు పక్కన పెట్టండి. శిఖరం ఒకే రోజున రావాలి. ఎత్తు సరిపోవాల్సిన పని లేదు: ఒక కార్లో నలుగురు ఉంటారు, ఇంట్లో రెండు కార్లుంటే చాలామంది ఒకటే తీస్తారు.

ఒక ఉచ్చు ఉంది. రోడ్డు కిక్కిరిసినప్పుడు యంత్రం మీదుగా గంటకు పోయే వాహనాలు తగ్గుతాయి, ఎందుకంటే అవి కదలట్లేదు. అంకె పడిపోగానే రద్దీ తగ్గిందనుకోకండి, పక్కనే వేగం గడి చూడండి. వేగం కూడా పడిపోతే అది జామ్. ఇర్మాకు ఫ్లోరిడా ఎదురు దిక్కు లేన్లను వెళ్లేవాళ్ల వైపు తిప్పకుండా కొన్నిచోట్ల రోడ్డు అంచు లేన్లను వాహనాలకు తెరిచింది. అంచు లేన్ కింద సెన్సర్ లేకపోతే ఆ వాహనాలు లెక్కకే రావు.

తిరిగి రావడం

వరసగా రెండు రాత్రులు ఇంటి గడిలో కనబడితేనే తిరిగొచ్చినట్టు. ఒక పగలో ఒక రాత్రో కనబడటం ఇల్లు చూసుకుని పోవడం కావొచ్చు, కరెంటు లేని ఇంట్లో సెప్టెంబరు ఉక్కకు తట్టుకోలేక మళ్లీ వెళ్లిపోయేవాళ్లు బోలెడు. "మొదటి రాక", "స్థిరపడిన రాక" అని రెండు తేదీలు ఉంచుకుంటే ఈ తేడాయే ఒక మంచి ఫలితం అవుతుంది.

సగటు రోజులు చెప్పకండి. డేటా అయిపోయేనాటికి ఇంకా రానివాళ్లుంటారు. వాళ్లను వదిలేస్తే సగటు తగ్గిపోతుంది, చివరి తేదీ వేస్తే అబద్ధమవుతుంది. ఇంకా రానివాళ్లను కూడా లెక్కలో ఉంచే కప్లాన్-మయర్ వంపు గీసి, సగం మంది ఏ రోజుకు వచ్చారో చెప్పండి.

ఆ వంపు కొన్నిచోట్ల నున్నగా రాదు, రాకూడదు కూడా. ఇర్మా తర్వాత ఎగువ కీస్ వాసులను సెప్టెంబరు 12న, దిగువ కీస్ వాళ్లను 17న లోపలికి వదిలారు. పర్యాటకులకు అక్టోబరు 1న తెరిచారు. అక్కడికి వెళ్లే ప్రధాన రోడ్డు ఒకటే, దాని మీద చెక్‌పోస్టు. ఇయన్‌కు సానిబెల్ దీవి వంతెన దారి కొట్టుకుపోయి, తాత్కాలిక మరమ్మతుతో అక్టోబరు 19న స్థానికులకు తెరిచారు. ఇలాంటి చోట ఆలస్యాన్ని జనం తటపటాయింపుగా చదవకూడదు. గేటు తెరిచిన గంటే సున్నా.

"తిరిగి రాలేదు" అనే ముందు ఇంకో లెక్క ఉంది. తుపాను లేకపోయినా ప్రతి వారం కొన్ని ఫోన్ ఐడీలు డేటాలోంచి రాలిపోతాయి: కొత్త ఫోను, యాప్ తీసేయడం, ప్రైవసీ సెట్టింగ్ మార్చడం. ముంపు ఊళ్లో ఫోను తడిసి కొత్తది కొన్నవాళ్లు ఇంకా ఎక్కువ. గాలి తగలని, తరలింపు దారిలో లేని ఒక కౌంటీని పోలికకు పెట్టుకుని, అక్కడ వారానికి ఎన్ని రాలుతున్నాయో చూసి సర్దండి. జార్జియాలో హైవే పక్క ఊళ్లను పోలికకు తీసుకోకండి, అక్కడి హోటళ్లలో ఉన్నది మీ జనమే.

ఆరు నెలలు దాటిన ప్రశ్నలకు ఫోన్ డేటా పనికిరాదు. న్యూ ఆర్లీన్స్ జనాభా 2000లో 4,84,674, 2010లో 3,43,829. కత్రినా తర్వాత ఎవరు శాశ్వతంగా వెళ్లిపోయారన్నది ఇలాంటి జనగణన అంకెలతో, బడుల హాజరుతో, తపాలా చిరునామా మార్పులతో చూడాల్సిన విషయం.

లెక్కలో లేనివాళ్లు, బయట పెట్టకూడనివి

పిల్లలకు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లకు, పాత ఫోన్లు వాడేవాళ్లకు ఈ డేటాలో చోటు తక్కువ. ఇంటి గడి ఉన్న బ్లాక్ గ్రూపు (జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతం) జనాభాతో ఫోన్ల సంఖ్యను పోల్చి బరువులు వేయండి. దాంతో ప్రాంతాల మధ్య అసమానత తగ్గుతుంది గానీ, ఒకే వీధిలో ఫోను ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా పోదు. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్‌లో యాప్‌ల ట్రాకింగ్‌కు అనుమతి అడగడం తప్పనిసరైంది. కాబట్టి ఇర్మా నమూనానూ ఇయన్ నమూనానూ పక్కపక్కన పెట్టి "అప్పటికన్నా ఇప్పుడు తక్కువమంది వెళ్లారు" అనడానికి ముందు రెండింట్లో ఐఫోన్ల వాటా చూడండి.

మ్యాపు విడుదల చేసేటప్పుడు 10 కన్నా తక్కువ ఫోన్లున్న గడిని ఖాళీగా వదలండి. తుపాను వెళ్లిన మొదటి వారాల్లో 9వ స్థాయి గడుల మ్యాపును ఎవరికీ ఇవ్వకండి. ఏ వీధిలో ఏ రాత్రి ఎవరూ లేరో చూపించే ఆ మ్యాపు పరిశోధకుల కన్నా ముందు దొంగలకు పనికొస్తుంది. 7వ స్థాయికి (సుమారు 5 చదరపు కి.మీ.) కూడి, రోజుకొక అంకెతో ఇస్తే సహాయ శిబిరం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి సరిపోతుంది. సన్నగడుల ఫైలును కరెంటు, నీళ్లు తిరిగొచ్చి, కౌంటీ కర్ఫ్యూ ఎత్తేసిన తర్వాతే, అదీ అడిగినవారెవరో తెలిశాకే పంచుకోండి.